పెట్రోలు ముల్లు

కడవలో నీరెంత యున్నదో తెలిసికొనవలెనన్న మూత తీసి చూచిన చాలును. గాదెలో ధాన్యమెంత యున్నదో చూచుటకు నిచ్చెన వేసికొని యెక్కవలసివచ్చును. మోటారు బండిలోని పెట్రోలును చూచుట అంత సులభము కాదు. అది రేకు ట్యాంకులో, చీకటిలో దాగియుండును. దీపము పట్టి చూతమన్న ప్రాణాపాయము. అందుచేత తొలినాటి బండ్లవారు కర్రను నమ్ముకొనిరి. 1908 మొదలు 1927 వరకు తయారైన ఫోర్డు టీ మోడలు కార్లలో పెక్కింటికి ట్యాంకు ముందు సీటు క్రిందనే యుండెడిది. తోలువాడు క్రిందికి దిగి, సీటు మెత్తను పైకెత్తి, మూత తీసి, గుర్తులు గీసిన కర్రను లోనికి దించి, ఎంతమేర తడిసినదో చూచి, మరల అన్నిటిని సర్దుకొని బండి యెక్కెడివాడు. వానలో ఈ పని యెంత వేడుకగా నుండునో ఊహింపవచ్చును.

తరువాత ముల్లు వచ్చినది. తోలువాని కన్నుల యెదుట, గాజుబిళ్ళ వెనుక, ఖాళీనుండి నిండు వరకు కదలెడి యా చిన్నముల్లును చూచినపిదప జనులు కర్రను మరచిరి. మరచుట సహజమే. కాని ఆ ముల్లు పెట్రోలును చూడదు. ఎవరో పంపిన వార్తను మాత్రమే వినిపించును. వార్త దారిలో చెడినచో ముల్లు ఏమి చేయగలదు?

కృష్ణా జిల్లాలోని యొక గ్రామమున 1951 నాటి షెవర్లే లారీ యొకటి కలదు. జనరల్ మోటార్సు కంపెనీవారు 1928 లో బొంబాయిలోని శివ్డీయందు కర్మాగారము నెలకొల్పి, తెప్పించిన భాగములను కూర్చి, కార్లను లారీలను అమ్మెడివారు. 1954 లో ఆ కర్మాగారము మూతపడెను. అంతకు మూడేండ్లు ముందుగా రోడ్డెక్కిన బండి యిది. ఒక రైతు దీనిని కొని, చిరకాలము ధాన్యపు బస్తాలను మిల్లులకు తోలించెను. ఆయన మనుమని చేతికి వచ్చునాటికి లారీ బాడుగ పనులు మానినది. ఏటేట శ్రీరామనవమినాడు ఉత్సవ విగ్రహములను ఊరేగించుట, పెండ్లివారు ముచ్చటపడి అడిగినప్పుడు మామిడి తోరణములు కట్టుకొని ముందు నడచుట, ఇవియే దాని పనులు.

దానిని నడపు డ్రైవరునకు డెబ్బది యేండ్లు. పదునైదేండ్ల ప్రాయమున క్లీనరుగా ఆ లారీ యెక్కి, దానిమీదనే తోలుట నేర్చినవాడు. మనుమడు చిన్ననాట ఆయన యొడిలో కూర్చుండియే స్టీరింగు పట్టుకొనెను. చుట్టరికము లేకున్నను ఆయనను "బాబాయీ" అని పిలుచుట ఆ యింట అలవాటు. ఆయన ఈతనిని "చినబాబూ" అనును.

డ్రైవరువద్ద వెదురు కొలబద్ద యొకటి యుండెడిది. దానిపై పండ్రెండు గంట్లు, గంటునకు ఐదు లీటర్లు. కాని గంట్లు సమదూరమున లేవు. చివరలయందు ఎడముగను, నడుమ దగ్గరదగ్గరగను ఉన్నవి. చూచినవారు చేయి పోయినట్లు గీసినాడనుకొందురు. అది పొరపాటు. లారీ మొదటి ట్యాంకు త్రుప్పుపట్టి పోగా, పెద్దరైతు కాలముననే పీపాయి వంటి గుండ్రని ట్యాంకును చేయించి, చట్రము ప్రక్కన పడుకొనబెట్టి బిగించిరి. దాని వ్యాసము 30 సెంటీమీటర్లు, పొడవు 85 సెంటీమీటర్లు, పట్టునది 60 లీటర్లు. పడుకొనబెట్టిన పీపాయి అడుగున ఇరుకు, నడుమ వెడల్పు, పైన మరల ఇరుకు. కావున మొదటి ఐదు లీటర్లు పోయగా మట్టము 4 సెంటీమీటర్లు లేచును. సగము దగ్గర అవే ఐదు లీటర్లు 2 సెంటీమీటర్లు మాత్రమే లేపును. పై తరగతులలో వృత్తఖండముల వైశాల్యము నేర్చినవారు దీనిని లెక్కగట్టి చూడవచ్చును. డ్రైవరు లెక్క కట్టలేదు. ఐదేసి లీటర్లు కొలిచి పోసి, కర్ర ముంచి, తడి యారకమున్నే కత్తితో గంటు పెట్టెను.

కొన్ని యేండ్ల క్రిందట చినబాబు లారీకి కొత్త సొబగు తేదలచెను. రేకులకు, చక్రములకు, తుదకు ట్యాంకునకు కూడ త్రుప్పు గీయించి మూడేసి పూతలు రంగు వేయించెను. ట్యాంకును పట్టియుంచు ఇనుప పట్టీల క్రింద రంగు గీచుకొనిపోకుండ రబ్బరు ముక్కలు పెట్టించెను. స్క్రూల తలలు కూడ అద్దమువలె మెరసినవి. ఏండ్ల తరబడి కదలక పడియున్న పెట్రోలు ముల్లును బాగుచేయింపగా అదియు లేచి నిలిచెను.

"ఇంక కర్ర యేల బాబాయీ? మూతి దగ్గర రంగు పోవును. ముల్లున్నది కదా!" అని చినబాబు అనెను. డ్రైవరు మారుమాటాడక కొలబద్దను ఇంటికి గొనిపోయి చూరులో దోపెను.

నవమి వచ్చినది. ముందునాటి సాయంకాలము చినబాబు తాళము త్రిప్పి చూడగా ముల్లు సగమునకు కొంచెము పైన నిలిచెను. ముప్పది లీటర్లు ఉన్నవి, తొంబది కిలోమీటర్లకు లోటు లేదు అని నిశ్చింతగా పోయి పండుకొనెను. డ్రైవరు ఆ రాత్రి లారీ ప్రక్కనే మంచము వేసికొని నిదురించి, తెల్లవారుజామున పూలు తెచ్చుటకై బయలుదేరెను. పదునైదు కిలోమీటర్లు పోకమున్నే లారీ దగ్గి, చేల నడుమ నిలిచిపోయెను. వార్త తెలిసి చినబాబు వచ్చి చూచునప్పటికి ట్యాంకు ఎండియున్నది. ముల్లును ఖాళీ వద్దనే యున్నది. ఉత్సవము ట్రాక్టరు తొట్టిమీద జరిగినది.

"బయలుదేరునప్పుడు సగమే చూపినది చినబాబూ," అని డ్రైవరు చెప్పెను.

"సగము ట్యాంకు పెట్రోలు పదునైదు కిలోమీటర్లకే తాగినదా? రాత్రి లారీవద్ద నున్నది నీవొక్కడవే కదా డ్రైవరూ!"

దేవాలయపు ముంగిట నలుగురును విన్నారు. మాటకంటె పిలుపు గట్టిగా తగిలినది. "బాబాయి" యన్న పిలుపు ఆనాడు లేదు. వృద్ధుడు తాళపుచెవిని అరుగుమీద పెట్టి ఇంటికి పోయెను.

తరువాత పదిదినములకు చినబాబు తానే ఇరువది లీటర్లు పోసి, లారీని కొట్టములో పెట్టి తాళము వేసి, చెవిని మొలలో దోపుకొనెను. ఉదయమున ముల్లు ముప్పాతిక చూపుచుండెను. ఇరువది లీటర్లకు ముప్పాతిక యేమి? ఆ సందేహము తీరకమున్నే బండి కాలువ వంతెన గతుకున ఎగిరిపడగా, ముల్లు దభాలున మూడవ వంతునకు దిగిపోయెను. చినబాబు బండి నాపి క్రిందికి దిగి చూచెను. నేలమీద చుక్క పెట్రోలు లేదు. మరల నడపగా నాలుగు గతుకుల తరువాత ముల్లు తనంతట తానే పైకి లేచెను. పెట్రోలు తరుగుటకు దొంగ యుండవచ్చును. పెరుగుటకు ఏ దొంగ వచ్చును? చినబాబు ముఖమున చెమట పట్టినది.

ఆ దినముననే ఆతడు లారీని విజయవాడకు తోలెను. అచ్చటి జవహర్ ఆటోనగర్ 1966 లో ఏర్పడినది. మోటారు బండ్లకు సంబంధించిన ఏ పనికైనను అచ్చట చేయి తిరిగినవారు దొరకుదురు. మొదట పోయిన దుకాణమువారు, "పాతది పారవేసి కొత్త గేజి వేసికొనుడు" అని చెప్పిరి. రెండవచోట రేకుల పంచలో కూర్చున్న ముసలి ఎలక్ట్రీషియను ముల్లును చూడనైన చూడలేదు. ఆయన అడిగిన మొదటి ప్రశ్న వేరు.

"బాబుగారూ, బండికి ఈ మధ్య రంగు వేయించితిరా?"

ముల్లునకు రంగుతో నేమి పని యని చినబాబు తెల్లబోయెను. ఆ సంబంధము తెలియవలెనన్న ముల్లు పనిచేయు తీరు తెలియవలెను. ట్యాంకులో నొక బెండు తేలుచుండును. అది ఒక సన్నని చేతి కొనను బిగింపబడి యుండును. పెట్రోలు మట్టముతో బెండు లేచుచు దిగుచుండగా, చేయి యొక నిరోధపు తీగమీద జరుగుచుండును. ఆ కాలపు షెవర్లే బండ్లలో ట్యాంకు ఖాళీయైనచో నిరోధము ఇంచుమించు సున్న. నిండినచో 30 ఓములు. ముల్లు వెనుక రెండు తీగచుట్టలుండును. ఒకటి ముల్లును ఖాళీవైపునకు, రెండవది నిండువైపునకు లాగును. ట్యాంకులోని నిరోధము తక్కువైనచో విద్యుత్తు రెండవ చుట్టను విడిచి ఆ సులభమైన దారినే పోవును. అప్పుడు మొదటి చుట్ట గెలుచును. నిరోధము పెరిగినకొలది రెండవ చుట్టకు బలము వచ్చును. ఇందొక చమత్కారము కలదు. ఆ లారీలోని 6 వోల్టుల బ్యాటరీ కొంత నీరసించినను రెండు చుట్టల బలము ఒకే పాళ్ళలో తగ్గును గాన, ముల్లు తన చోటు విడువదు. ఎడ్లు రెండును సమముగా అలసినచో కాడి ఒరగదు కదా.

అయితే విద్యుత్తునకు పోవు దారి యెంత ముఖ్యమో తిరిగివచ్చు దారియు నంతే. మోటారు బండిలో తిరుగుదారికి సాధారణముగా వేరు తీగ వేయరు. బండి యినుప శరీరమే ఆ దారి. పనివారు దానిని ఎర్తు అందురు. ఇనుము ఇనుమును తాకినంతకాలము ఎర్తు బాగుండును. నడుమ త్రుప్పు గాని, రంగు గాని, రబ్బరు గాని అడ్డుపడినచో అదియు నొక నిరోధమే. ముల్లు ఆ నిరోధమునకు, పెట్రోలు నిరోధమునకు భేద మెరుగదు. రెండును కలిపి చదివి, ఉన్నదానికంటె ఎక్కువ చూపును. ఆనాటి ఫోర్డు బండ్లలో లెక్క తలక్రిందులు. ట్యాంకు నిండినకొలది నిరోధము తగ్గును గాన, ఇదే లోపము అందు తక్కువ చూపును.

ఎలక్ట్రీషియనువద్ద పని నేర్చుకొను బాలుడు ట్యాంకుమీది తీగను ఊడదీసి అచ్చటనే చట్రమునకు తాకింపబోయెను.

"ఒరే అబ్బాయీ! మూతి దగ్గర నిప్పురవ్వ లేపుదువా?" అని ముసలివాడు కేకవేసెను. పెట్రోలు ఆవిరి కంటికి కనబడదు. ఒక్క రవ్వ చాలును. ఆయన తాళము కట్టించి, ఊడదీసిన తీగకు పొడవైన మరియొక తీగను ముడివేసి, దానిని లారీ ముందుభాగమునకు తెచ్చి, అప్పుడు తాళము త్రిప్పించెను. తీగ గాలిలో నుండగా ముల్లు నిండునుగూడ దాటి కొట్టుకొనెను. చట్రమునకు తాకింపగా ఖాళీకి వచ్చెను. "ముల్లు మంచిది, తీగ మంచిది. వీనిజోలికి పోనక్కరలేదు," అనెను. తరువాత మల్టీమీటరుతో కొలిచెను. ట్యాంకు యూనిట్టు కొనకు, దాని రేకుబిళ్ళకు నడుమ 10 ఓములు వచ్చెను. అదే కొనకు, లారీ చట్రమునకు నడుమ 22 ఓములు వచ్చెను. బాలుడు ట్యాంకు పట్టీపై రబ్బరు సుత్తితో తట్టగా 22 కాస్తయు 11 ఆయెను. మరల తట్టగా 22.

"ఈ పండ్రెండు ఓములును మీ రంగు, బాబుగారూ," అని ముసలివాడు చెప్పెను.

చినబాబు కొంతసేపు మాటాడలేదు. మనసులో లెక్క వేసికొనుచుండెను. నవమినాటి ముందుసాయంకాలము ముల్లు సగముపైన నిలిచినది. అనగా 16 ఓములు. పండ్రెండు తీసివేసిన మిగిలినవి నాలుగు. నాలుగు ఓములనగా ట్యాంకులో నాలుగు సెంటీమీటర్ల మట్టము. అనగా ఐదు లీటర్లు. ఆ లారీ లీటరునకు మూడు కిలోమీటర్లు పోవును. దారి గతుకులలో రంగు చెదరి ఇనుము ఇనుమును తాకగనే ముల్లు నిజము చెప్పి ఖాళీకి దిగినది. బయలుదేరునప్పుడు సగమే చూపినదన్న వృద్ధుని మాటలో అక్షరము కూడ తప్పు లేదు.

"అయితే కొత్త గేజి అక్కరలేదా?" అని తుదకు అడిగెను.

"అంగళ్ళలో దొరకువానిలో పెక్కు 90 ఓములవి. ఆ కంపెనీయే 1965 నుండి ఆ కొలతకు మారినది. మీ 30 ఓముల ట్యాంకునకు దానిని తగిలించినచో, మూతి వరకు పోసినను మూడవ వంతే చూపును. అప్పుడు ఇంకెవరిని అనుమానింతురో!" అని ఆయన నవ్వెను. ఆయనకు ఊరిసంగతి తెలియదు. చినబాబు మాత్రము నవ్వలేకపోయెను.

పని అరగంటలో ముగిసినది. యూనిట్టు రేకుబిళ్ళ అంచున, చట్రముమీద నొకచోట, రూపాయి బిళ్ళంత మేర గరుకు కాగితముతో రంగు గీచి, ఇనుము తెల్లబడిన పిదప, పండ్లున్న వాషర్లు వేసి, రెండింటిని మందమైన తీగతో కలిపి బిగించి, త్రుప్పు పట్టకుండ గ్రీజు పూసెను. మూడు పూతల యెర్రరంగు రాలుచుండగా చూచుట చినబాబునకు కష్టముగనే యుండెను. యూనిట్టును పైకి తీసినప్పుడు లోని బెండు పాత కార్కుబెండని తెలిసినది. దానిపై లక్క పూత యుండును. సారాయముజాతి ద్రవములు లక్కను కరగించును. మన దేశమున 2025 నాటికి పెట్రోలులో నూటికి ఇరువది పాళ్ళవరకు ఇథనాలు కలుపుచున్నారు. లక్క పోయిన బెండు పెట్రోలు పీల్చి మునుగును. ఇంకను మునుగలేదు గాని ముందుజాగ్రత్తగా దాని స్థానమున బోలు ఇత్తడి బుడ్డిని అమర్చిరి.

"ఇంటికి పోయి ఖాళీ చేసి, ఐదేసి లీటర్లు పోయుచు సరిచూచుకొనుడు. ట్యాంకు గుండ్రనిది. దీనికి కొలకర్ర యేదైన నున్నదా?"

"ఉన్నది."

"గంట్లు పెట్టినవాడు?"

"ఉన్నాడు."

"అయితే ఆయనను దగ్గర పెట్టుకొనుడు," అని ముసలివాడు చేతులు తుడుచుకొనెను.

ఆ సాయంకాలము చినబాబు డ్రైవరు గుమ్మమున నిలిచెను. వృద్ధుడు అరుగుమీద కూర్చుండి పలుపు పేనుచుండెను. తల యెత్తలేదు.

"బాబాయీ, సగము చూపినదన్న నీ మాట నిజమే. మేస్త్రి గారు కొలిచి చూపించిరి. రంగు వేయించి చెడగొట్టినవాడను నేను. నిన్ను అన్నవాడనును నేనే."

పలుపు మరి రెండు మెలికలు తిరిగినది. "కర్ర కావలెనా?" అని ఆయన అడిగెను.

"కర్రయు కావలెను, నీవును రావలెను."

"వత్తును. కాని నలుగురిలో అన్న మాట చినబాబూ. అది ఇంటి గుమ్మమున పోవునది కాదు."

చినబాబు తల వంచెను. మరునాటి ఉదయము లారీ దేవాలయపు ముంగిట నిలిచినది. నవమినాడు విన్నవారిలో పెక్కుమంది వచ్చిరి. బాలురు ముందు వరుసలో గుమిగూడగా, బీడీలు కాల్చువారిని దూరముగా పొమ్మనిరి. ఖాళీ ట్యాంకులో ఐదు లీటర్లు పోసిరి. డ్రైవరు కొలబద్ద దించి తీసెను. తడి మొదటి గంటుకడ ఆగినది. ముల్లు ఖాళీకి కొంచెము పైన నిలిచెను. అప్పుడు చినబాబు తాళము కట్టి, కొత్త ఎర్తు తీగను చట్రమువద్ద ఊడదీసి, మరల తాళము త్రిప్పెను. ముల్లు లేచి సగమును దాటినది.

"నవమినాడు నేను చూచినది ఈ సగము ట్యాంకే. బాబాయి చుక్క పెట్రోలు ముట్టలేదు. నేను అన్న మాట తప్పు," అని అందరును వినునట్లు చెప్పి, తీగను బిగించెను. ముల్లు మరల దిగివచ్చెను. గుంపులో నెవరో, "చిన్న తీగముక్క యెంతపని చేసినది!" అనిరి. డ్రైవరు అదేమియు విననట్లు రెండవ డబ్బాకు చేయి చాచెను.

వరుసగా పోయుచు వచ్చిరి. ముప్పది లీటర్లకు ముల్లు సరిగా సగమున, అరువదికి నిండున నిలిచెను. పాతికచోట మాత్రము డ్రైవరు ఆపెను. ముల్లు పాతిక చూపునప్పటికి కర్ర పదునైదు లీటర్ల గంటును అందుకొనలేదు. పండ్రెండు లీటర్లకు కొంచెము లోపుగనే తడిసినది. చినబాబు ఎర్తు తీగవైపు చూచెను.

"తీగది కాదు చినబాబూ. బెండునకు ఎత్తే తెలియును. పీపాయి అడుగున ఇరుకని దానికి తెలియదు. పాతికకు దిగినప్పుడు పండ్రెండే యనుకొనవలెను."

చినబాబు జేబులోని కాగితముమీద ఆ యంకె వ్రాసికొని, తాళపుచెవిని ఆయన చేతిలో పెట్టెను. వృద్ధుడు కొలబద్దను గుడ్డతో తుడిచి, ఇంటికి గొనిపోక, సీటు వెనుక దాని పాతచోటనే దోపెను.